మూడిళ్ళ కెమెరా

నేను పాత కెమెరాలకు తోలు వేస్తాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు "అంటే కెమెరాలు బాగుచేస్తారా?" అని అడుగుతారు. చెయ్యను. లోపలి చక్రాలూ స్ప్రింగులూ నాకు సగమే అర్థమవుతాయి. రీలు వేసి తీసే పాత కెమెరాల ఒంటిమీద తోలో, తోలులాంటి గట్టి రబ్బరో అతికించి ఉంటుంది చూడండి, అది ఏళ్ళు గడిచేకొద్దీ అప్పడంలా పెళుసుబారి రాలిపోతుంది. రాలినచోట కొత్తది కోసి అతకడం వరకే నా పని.

ఇది నాకు మా నాన్న నుంచి వంకరదారిలో వచ్చింది. మా నాన్న విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో హార్మోనియాలు బాగుచేసేవాడు. హార్మోనియం తిత్తి మడతల్లో గాలి పోకుండా మేకతోలు పలచగా చెక్కి అతికించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన తర్వాత హార్మోనియాలు తగ్గిపోయాయి. నేను స్కూలు సంచులకు జిప్పులు వేసుకుంటూ, బండి సీట్లకు రెగ్జిన్ కుట్టుకుంటూ కూర్చున్నాను. ఒకరోజు స్టూడియో మూసేసిన ఒక పెద్దాయన మడతపెట్టే పాత కెమెరా ఒకటి తెచ్చి, "అమ్మాయ్, హార్మోనియానికి తిత్తి ఎలాగో దీనికీ అలాగే, సూడు" అన్నాడు. చూశాను. నిజమే, అదీ తిత్తే. దానికి తోలు వేశాక పైన ఊడిన తోలు కూడా వెయ్యమన్నాడు. ఆయన మేనల్లుడెవరో ఆ ఫొటోలు ఫోన్లో పెట్టాడు. అప్పట్నుంచి హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి కొరియర్లో డబ్బాలు రావడం మొదలైంది.

వాళ్ళెవరి మొహాలూ నాకు తెలియవు. ఏ రంగు కావాలో ముందే రాసి పంపుతారు. పాత తోలు అంచుల్లో స్పిరిట్ పోసి నాననిస్తాను. బ్లేడుతో మెల్లగా లేపుతాను. ఊడినదాన్ని కాగితం మీద పరిచి చుట్టూ పెన్సిలు గీస్తాను. అదే కొత్తదానికి కొలత. ఇంతవరకు నా పనిలో తికమక పడాల్సింది ఏమీ లేదు.

ఆ మనిషి స్వయంగా వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. చేపలకు ఐసు వేసే వ్యాపారమట, కళింగపట్నం వైపు ఏదో సముద్రపు ఊరు. తువ్వాలులో చుట్టి తెచ్చిన కెమెరాని నా బల్లమీద పెట్టి మంచినీళ్ళడిగి తాగాడు.

"తోలు ఊడిపోతన్నాది తల్లీ. కొత్తది ఎయ్యాల."

"ఏ రంగు వెయ్యమంటారు?"

"ఉన్నదే ఎయ్యండి."

కెమెరాని చేతిలోకి తీసుకున్నాను. మంచి బరువుంది. ముందు భాగానికి నల్ల తోలు. తిప్పి చూస్తే వెనక మూతకి ఎర్రమట్టి రంగు తోలు. కుడి పక్కన బొటనవేలంత వెడల్పున సైకిలు ట్యూబు ముక్క అతికించి ఉంది.

"ఇందులో ఉన్నది ఏది బాబూ?" అన్నాను.

ఆయన కెమెరాని తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు. ఆ రంగుల సంగతి అప్పుడే మొదటిసారి గమనించినట్టున్నాడు. "మరదేటి... నలుపే కదా మాది," అని తనలో తాను అనుకుని, "ఎనకాతల ఎరుపు ఎలాగొచ్చిందో నాకు తెల్దు. మీరు నలుపే ఎయ్యండి. నాను సిన్నప్పట్నుంచీ సూస్తన్నాను, నల్లదే," అన్నాడు. ఫోను నంబరు ఇచ్చి, ఐసు బండి ఆగిపోతుందని తొందరగా వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను పని మొదలుపెట్టేలోగా ఒక ఆడమనిషి ఫోన్ చేసింది.

"కెమెరా మీ కాడున్నాదా?"

"ఎవరమ్మా మీరు?"

"ఆడి అప్పని. మా తమ్ముడు తెచ్చినాడు కదా నిన్న. నలుపు ఎయ్యమన్నాడటగా. నలుపు కాదు తల్లీ, అది ఎర్రది."

"వెనక మూత ఒక్కటే ఎర్రగా ఉందమ్మా. ముందు నల్లగానే ఉంది."

"అంతా ఎర్రదే. నా పెళ్ళికి దాంతోనే ఫొటోలు తీసినారు. పెళ్ళికూతురు నానే కదా, నాకు తెల్దేటి? ఎర్రది ఎయ్యి." నేను ఇంకేదో అడిగేలోపు పెట్టేసింది.

సరే, అక్కాతమ్ముళ్ళ మధ్య ఇలాంటివి మామూలే అనుకున్నాను. తమ్ముడికి చెబుదామని ఫోన్ చేస్తే కలవలేదు. మధ్యాహ్నం అన్నం తింటుండగా ఇంకో ఫోన్ వచ్చింది. ముసలి గొంతు. గాలిలో నిలబడి అరిచినట్టు మాట్లాడుతున్నాడు.

"తోలు తీసీసినావా?"

"ఇంకా తియ్యలేదండీ."

"తియ్యకు! ముట్టుకోకు. అది నా కెమెరా."

"మీరెవరండీ?"

"ఆళ్ళ మావని. ఆ ఊళ్ళో ఫొటోలు తీసినోడిని నాను. ఆళ్ళకేటి తెల్సు? ఎలాగున్నాదో అలాగే ఉంచీ."

నల్లగా చెయ్యమని ఒకరు, ఎర్రగా చెయ్యమని ఒకరు, అసలు చెయ్యొద్దని ఒకరు. ముగ్గురూ అది తమదే అంటున్నారు. మా ఆయన ఇళ్ళకు వైరింగు చేస్తాడు. తీగలు కలిసినట్టు మనుషులు కలవకపోతే ఆయనకి కంగారు. విషయమంతా విని, "ఒసే, ఇది తగువు కెమెరా. ఎనక్కిచ్చీ. రేపు ఆళ్ళలో ఆళ్ళు కొట్టుకుని మన గుమ్మంలోకొస్తే ఏటి సెప్తావు?" అన్నాడు.

సాయంత్రానికి తమ్ముడు ఫోనెత్తాడు. "మా మావ మాట అలాగే ఉంటాది. మా అప్పా అంతే. మీరు కానీండి," అన్నాడు నవ్వుతూ. ఆయన నవ్వు విని నేను స్థిమితపడ్డాను. ఫోను పెట్టీ పెట్టగానే అప్ప మళ్ళీ చేసింది. "ఎర్రతోలు దొరికినాదా?" అని. అవునో కాదో చెప్పలేక "చూస్తానమ్మా" అన్నాను.

కెమెరా ఏం చెబుతుందో చూద్దామని బల్లమీద దీపం పెట్టుకుని కూర్చున్నాను. మామూలుగా కెమెరాయే చెప్పేస్తుంది. మొదటి తోలు కింద ఫ్యాక్టరీ బంక గట్టిగా, సమంగా ఉంటుంది. తర్వాత ఎవరైనా అతికిస్తే ఆ బంక ముద్దలుగా ఉంటుంది. వెనక ఎర్రతోలు అంచు కాస్త లేచి ఉంటే లోపలికి చూశాను. ఫ్యాక్టరీ బంకే. అయితే ఎరుపే అసలుది. ముందు నల్లతోలు అంచు చూశాను. అదీ ఫ్యాక్టరీ బంకే. అయితే నలుపే అసలుది. ఒకే కెమెరాకి ముందొక రంగు, వెనకొక రంగు వేసి ఎవరూ అమ్మరు. అద్దం చుట్టూ ఉన్న గుండ్రటి అంచులో నల్లతోలు కింద సన్నటి ఎర్రగీత కూడా కనబడింది. అది చూశాక నాకు ఉన్న కాస్త తెలివీ పోయింది.

అంతకంటే తొందర పెట్టింది చిలుము. నల్లతోలు మీద అక్కడక్కడా చిన్న చిన్న బుడిపెలు లేచి ఉన్నాయి. కింద ఉన్న ఇత్తడి ఉప్పుగాలికి పచ్చగా పొంగితే తోలు అలా పైకి లేస్తుంది. తోలు తీసి దాన్ని గీకెయ్యకపోతే లోహాన్ని తినేస్తుంది. తియ్యమన్నవాళ్ళిద్దరూ రంగు తేల్చుకోలేదు. ముసలాయన తియ్యొద్దన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక ఆ వారమంతా కెమెరాని చూస్తూ వేరే కెమెరాల పని చేశాను. ఆఖరికి ఆదివారం నేనే వస్తున్నానని తమ్ముడికి చెప్పాను. ముగ్గురూ ఒకచోట ఉండి చెబితే తప్ప ముట్టుకోనన్నాను. "మా ఇంటికే? మీరే?" అన్నాడు. ఎందుకంత ఆశ్చర్యమో అర్థం కాలేదు.

రైల్లో ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం వెళ్ళి, అక్కణ్ణుంచి సముద్రం వైపు బస్సెక్కాను. కెమెరాని టిఫిన్ సంచిలో పెట్టుకుని, పక్కన స్పిరిట్ సీసా, బంక, బ్లేడు, ఈనెపుల్లలు సర్దుకున్నాను. బస్సు ఆగినచోట తమ్ముడు బండితో నిలబడి ఉన్నాడు. తోటల మధ్య ఇసకదారిలో తీసుకెళ్ళాడు. ఇంటిముందు వలలు ఆరేసి ఉన్నాయి. చాపల మీద నెత్తళ్ళ చేపలు ఎండుతున్నాయి. వసారాలో పొడుగాటి చెక్కబల్ల వేసి నన్ను కూర్చోమన్నారు. బల్లకి ఒకవైపు నీలంరంగు, అక్కడక్కడా ఎర్రచారలు. చెక్క కాస్త వంగి ఉంది. కూర్చుంటే ముందుకి జారుతున్నాను.

అప్ప అప్పటికే వచ్చి ఉంది. ఫోన్లో గొంతు విని పెద్ద మనిషనుకున్నాను. సన్నగా, చురుగ్గా ఉంది. ముసలాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక కంటికి ఆపరేషనయిందట, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

నేను సంచిలోంచి కెమెరా తీయగానే ముగ్గురి చేతులూ ఒకేసారి ముందుకొచ్చాయి. ఎవరికివ్వాలో తెలియక నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

"ముందు నాకొకటి చెప్పండి. ఇది ఎవరిది?" అన్నాను.

"మా అయ్యది," అన్నాడు తమ్ముడు.

"మా మావగారిది," అంది అప్ప.

"నాది," అన్నాడు ముసలాయన.

తర్వాత ముగ్గురూ కలిసి చెప్పిందాన్ని నేను ముక్కలు ముక్కలుగా అతుక్కుంటే తేలింది ఇది. వాళ్ళకొక పడవ ఉండేది. పడవ మూడిళ్ళది. ఈ తమ్ముడి నాన్నా, గోడకానుకున్న ఈ మేనమామా, అప్ప అత్తింటివాళ్ళూ కలిసి కట్టించుకున్నారు. ఒక ఏడు రొయ్యలు బాగా పడితే, పంచుకోగా మిగిలినదాంతో ఏం కొనాలో తోచక శ్రీకాకుళంలో ఒక స్టూడియోలో ఈ కెమెరా కొన్నారు. వల ఎలాగో, లంగరు ఎలాగో ఇదీ అలాగే, పడవకి చెందిన వస్తువు. ఫొటోలు తీయడం ముగ్గురిలో మేనమామ ఒక్కడికే పట్టుబడింది. ఊళ్ళో పెళ్ళిళ్ళూ, కొత్త పడవలకి పూజలూ, పిల్లల మొదటి పుట్టినరోజులూ అన్నీ ఆయనే తీశాడు. కెమెరా మాత్రం ఈ ఇంట్లో కొన్నాళ్ళు, ఆ ఇంట్లో కొన్నాళ్ళు ఉండేది.

"అయితే రంగు అందరికీ తెలిసుండాలి కదా?" అన్నాను.

"తెల్సు. ఎర్రది," అంది అప్ప.

"నల్లది," అన్నాడు తమ్ముడు.

పెళ్ళి ఫొటోలు ఉన్నాయా, చూస్తే తేలిపోతుంది అన్నాను. ఈ మాట ముందే తోచనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను కూడా. అప్ప లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ సంచిలోంచి ఫొటోలు తెచ్చింది. అన్నీ నలుపు తెలుపువి. పీటలమీద అప్ప, తలంబ్రాలు, వరసలో నిలబడిన చుట్టాలు, పడవ మీద ఎక్కించి తీసిన పిల్లలు. ఒక్కొక్కటీ కంటికి దగ్గరగా పెట్టుకుని వెతికాను. సగం చూశాక గాని నాకు వెలగలేదు. కెమెరా తీసిన ఫొటోలో కెమెరా ఎక్కడుంటుంది? ఒక ఫొటోలో మాత్రం ఇసకమీద తీస్తున్నవాడి నీడ పడింది. మోచేతులు పైకెత్తి, మొహం దగ్గర ఏదో పట్టుకున్న నీడ. దాన్నే చాలాసేపు చూశాను. ఉన్నా నీడే కదా, రంగెలా తెలుస్తుంది?

"ఏటి దొరికినాది?" అని అడిగింది అప్ప ఆశగా.

"ఏమీ లేదమ్మా," అన్నాను సిగ్గుపడుతూ.

మేనమామ గోడ దగ్గర్నుంచి కాస్త ముందుకి జరిగాడు. "ఇద్దరూ నిజమే సెప్తన్నారు. కెమెరాలు రెండు," అన్నాడు.

తమ్ముడూ అప్పా ఆయనకేసి తిరిగారు.

"ముందుది ఎర్రది. దాంతోనే దీని పెళ్ళి తీసినాను. ఒకపాలి పడవ పూజకి ఒడ్డున రీలు మారుస్తన్నాను. ఈ కెమెరాకి ఎనక మూత మొత్తం ఊడి సేతిలోకొస్తాది. మూత ఈ సేతిలో ఉన్నాది, కెమెరా ఆ సేతిలో ఉన్నాది. కెరటం వచ్చి కొట్టినాది. కెమెరా పోనాది, మూత మిగిలినాది. మీ అయ్యా నానూ మళ్ళీ అదే స్టూడియోకి ఎల్లి అలాటిదే ఇంకోటి తెచ్చినాం. అది నల్లది. దానికి ఎనక మూత సరిగ్గా పడీది కాదు. పాత మూతెట్టి సూస్తే టక్కున పట్టీసినాది. అంతే."

నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు నలుపు, వెనక ఎరుపు, రెండింటికీ ఫ్యాక్టరీ బంక, అన్నీ కుదిరాయి. "అదీ సంగతి!" అన్నాను గట్టిగా.

"ఏటి సంగతి?" అంది అప్ప. "మావా, ఇన్నేళ్ళూ ఎప్పుడైనా సెప్పినావా? కెమెరా సంద్రంలో పోతే ఊరంతా తెలీదేటి? మా అత్త, నీ పెళ్ళాం, బతికుండగా మీ ఇంట్లో సెంచా పోనా ఊరంతా తెలిసీది. రెండో కెమెరా లేదు, ఏటీ లేదు. ఉప్పునీళ్ళకి ముందు తోలు పాడైపోతే మా మావగారు శ్రీకాకుళంలో నలుపు ఏయించినారు. నాను ఎరుగుదును."

"మీ మావగారికి తెల్సు. మీ అయ్యకీ తెల్సు. ఇద్దరూ లేరు, నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు ముసలాయన.

అప్పుడు నేను ఊరుకోవలసింది. ఊరుకోలేక, అద్దం చుట్టూ నల్లతోలు కింద ఎర్రగీత ఉందని చెప్పి చూపించాను. అప్ప కెమెరా లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. "సూసినావా! కింద ఎరుపున్నాది. నాను సెప్పలేదా?"

ముసలాయన కెమెరా అందుకోకుండానే అన్నాడు. "అది పడవ రంగు. పడవకి రంగేస్తన్నప్పుడు ఫొటో తీసినాను, అంటుకున్నాది."

తమ్ముడు నాకేసి చూశాడు. అది తోలు రంగా, పడవ రంగా మీరే చెప్పాలన్నట్టు. గీత వెంట్రుకంత సన్నం. వేలితో గీకాను. ఏ రంగూ ఏ తోలూ తెలియలేదు. అంతసేపట్లో నాకు కలిగిన ఒకే ఒక స్పష్టత కూడా అలా పోయింది. ఈ రోజుకీ నాకు అందులో ఏది నిజమో తెలియదు. ముసలాయన కథ నాకు నచ్చింది, అన్నీ కుదిరాయి కాబట్టి. కాని కుదిరినదల్లా జరిగిందని ఎలా అనుకోను? శ్రీకాకుళంలో మంచి పనివాడెవడైనా బంకని ఫ్యాక్టరీలోలాగే సమంగా రాసి ఉండొచ్చు.

"పోనీ, ఇప్పుడు దీనితో ఫొటోలు ఎవరు తీస్తారు?" అని అడిగాను.

ఎవరూ తియ్యరట. మేనమామకి చూపు ఆనడం లేదు. తమ్ముడికి ఫోనుంది. అప్పకి అసలు అక్కరలేదు.

"మరెందుకు తోలు?"

తమ్ముడు తలొంచుకుని కాసేపు ఇసకలో కాలితో గీశాడు. "మొన్న వానల ముందు పడవ విప్పీసినాం," అన్నాడు. "పాతదైపోనాది. సెక్కా ఇంజనూ మూడిళ్ళోళ్ళం పంచుకున్నాం. మీరు కూకున్నాది మా పాలుకొచ్చిన సెక్కే."

నేను ఉలిక్కిపడి కిందకి చూసుకున్నాను. నీలంరంగు, ఎర్రచారలు, ఆ వంపు. అంతసేపూ జారిపోతున్నది పడవ పక్కచెక్క మీద. లేవబోతే అప్ప భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"అన్నీ ముక్కలైపోనాయి. ఇదొక్కటీ ముక్కలవదు," అన్నాడు తమ్ముడు. "ఎవరింట్లో ఎట్టాలో తేల్లేదు. ముందు బాగుసేయించి తెద్దాం, తరవాత సూద్దాం అనుకున్నాను."

"బాగుసేయించి నీ బీరువాలో ఎట్టుకుందామని," అంది అప్ప.

"నువ్వు ఎర్రగా సేయించి నీ కోడలికి సూపించుకుందామని."

ముసలాయన వాళ్ళ మాటలు పట్టించుకోకుండా నాకేసి చెయ్యి చాచాడు. కెమెరా ఆయనకిచ్చాను. కుడిచేతి బొటనవేలు తిన్నగా సైకిలు ట్యూబు ముక్క మీదకి వెళ్ళి ఆగింది. "ఇక్కడ నాది సెమట సెయ్యి. జారిపోతాదని ట్యూబు అంటించినాను. నల్లదేసినా ఎర్రదేసినా దీన్ని పీకీస్తారు కదా?" అన్నాడు.

"పీకకుండా కొత్త తోలు వెయ్యలేమండీ," అన్నాను.

"అందుకే ఒద్దన్నాను," అని మళ్ళీ గోడకి ఆనుకున్నాడు.

ఎవరి పక్షం వహించాలో నాకు తెలియలేదు. తమ్ముడు మాట్లాడినప్పుడు తమ్ముడిది న్యాయంగా ఉంది. అప్ప మాట్లాడగానే అప్పది. ముసలాయన ఊరికే కూర్చున్నా ఆయనదే న్యాయంలా ఉంది. నేను తోలు వేసేదాన్ని. తగువు తీర్చేదాన్ని కాను. అందుకని నాకు తెలిసిన ఒకే సంగతి చెప్పాను. రంగు ఏదైనా కానివ్వండి, లోపల చిలుము పట్టింది, అది తియ్యకపోతే ఏ రంగూ నిలవదు, కెమెరాయే ఉండదు అని. ఆ మాట మీద మాత్రం ముగ్గురూ వెంటనే "అయితే తీసీండి" అన్నారు.

అక్కడే, ఆ పడవ చెక్క మీదే పని మొదలుపెట్టాను. బుడిపెలున్నచోట నల్లతోలు అంచులో స్పిరిట్ చుక్కలు వేసి నాననిచ్చాను. అది పెళుసుగా ఉంది, తొందరపడితే విరుగుతుంది. బ్లేడు పెట్టి గోరంత లేపడం, మళ్ళీ స్పిరిట్ వెయ్యడం, మళ్ళీ గోరంత లేపడం. కింద ఇత్తడి మేకుల తలలు పచ్చగా పొంగి ఉన్నాయి. ఈనెపుల్లతో గీకితే చిలుము పొడిగా రాలింది. దూదితో తుడిచాను. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఎప్పుడాగిపోయారో తెలియదు. తలెత్తి చూస్తే అప్ప నా పక్కన గొంతుక్కూర్చుని గాలికి దూది ఎగరకుండా రెండు చేతులూ అడ్డుపెట్టింది. తమ్ముడు స్పిరిట్ సీసా పట్టుకుని నిలబడ్డాడు. "ఏటి కనిపిస్తన్నాది? ఏటి కనిపిస్తన్నాది?" అని ముసలాయన గోడ దగ్గర్నుంచి అడుగుతూనే ఉన్నాడు.

పలచగా బంక రాసి, అదే పాత తోలుని అదే చోట నొక్కి అతికించాను. బుడిపెలు పోయాయి. మిగతాదంతా వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ముందు నలుపు, వెనక ఎరుపు, పక్కన ట్యూబు.

తమ్ముడు చేతిలోకి తీసుకుని చూశాడు. "బాగుసేసినట్టే లేదు," అన్నాడు, మాట దాచుకోలేక.

"ఏ రంగో ముగ్గురూ ఒకే మాట చెప్పండి. ఇప్పుడే కొలత తీసుకుంటాను," అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరింట్లో పెట్టి వెళ్ళమంటారని అడిగాను. ఎండలో చాపల మీద కాకులు వాలితే అప్ప లేచి తోలి వచ్చింది.

"ఆ తల్లి కాడే ఉండనీండి," అన్నాడు ముసలాయన. "తేలీదాకా."

"అవును, అదే మంచిది," అంది అప్ప. "అవునవును," అన్నాడు తమ్ముడు. అంతవరకూ ఒక్క రంగు మీద కలవనివాళ్ళు ఆ మాట మీద ఎంత చప్పున కలిశారంటే, నాకు వద్దనే వీలు లేకపోయింది. అది నమ్మకమో, తప్పించుకోవడమో, రెండూనో. బస్సెక్కేటప్పుడు అప్ప ఎండు నెత్తళ్ళ పొట్లం సంచిలో పెట్టింది. కెమెరా పక్కన పెట్టొద్దని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆయన సంచి విప్పి చూశాడు. "తిరిగిచ్చీడానికి ఎల్లి తిరిగి తెచ్చినావేటి?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక నెత్తళ్ళు వేయించాను.

అప్పట్నుంచి అది నా దగ్గరే ఉంది. పనికోసం వచ్చిన కెమెరాలుండే అరలో పెట్టాలా, మా సొంత సామాన్ల బీరువాలో పెట్టాలా అని కొన్నాళ్ళు అటూ ఇటూ మార్చి, చివరికి కిటికీ పక్కన హార్మోనియం పెట్టె మీద పెట్టాను. వాళ్ళు ఫోన్ చేస్తూనే ఉంటారు, ఎవరికి వారే. "ఎలాగున్నాది?" అని అడుగుతాడు తమ్ముడు. బాగానే ఉందంటాను. "తోలు లేస్తన్నాదా?" అని అడుగుతుంది అప్ప. లేదంటాను. ముసలాయన కెమెరా మాట ఎత్తడు. వానలెలా ఉన్నాయి, మా ఆయన పనెలా ఉంది, హార్మోనియాలు వస్తున్నాయా అని అడిగి, పెట్టేసే ముందు మాత్రం "ట్యూబు ఉన్నాది కదా?" అంటాడు. నేను వాళ్ళకి ఏమవుతానో నాకు తెలియదు. పని చేయించుకున్నవాళ్ళు పని గురించి అడగరు. చుట్టాలు తోలు గురించి అడగరు.

ఒకసారి బెంగుళూరు నుంచి ఎవరో, నేను పంపిన ఫొటోలో వెనకాల కిటికీ దగ్గరున్న ఈ కెమెరాని చూసి, రెండు రంగుల్లో చాలా బాగుంది, అలాగే మా కెమెరాకి వెయ్యగలరా అని అడిగారు. అది అలా వేసింది కాదు, అలా అయిందని రాశాను. ఎలా అయిందని మళ్ళీ అడిగారు. కొంత రాశాను, రెండు కెమెరాలని. చెరిపేశాను. ఒకే కెమెరా అని రాశాను. అదీ చెరిపేశాను. చివరికి ఎర్రతోలు లేదని చెప్పాను. అది అబద్ధం. అప్ప అడిగిన మర్నాడే తెప్పించి పెట్టాను.

ఈమధ్య ఒకరోజు పొద్దున్నే అప్ప వచ్చింది. విజయనగరం ఆసుపత్రిలో ఎవరినో చూడ్డానికి వచ్చి, దారిలోనే కదాని దిగిందట. మా ఇల్లు ఆసుపత్రి దారిలో లేదు. కూర్చోమని టీ పెడుతుండగా గుమ్మంలో తమ్ముడు. ఐసు మిషను సామాను కొనడానికి ఊళ్ళోకి వచ్చాడట. ఇద్దరూ ఒకరినొకరు చూసి కొయ్యబారిపోయారు.

"నువ్వేటి ఇక్కడ?"

"నువ్వేటే అప్పా?"

కెమెరా కోసమే ఇద్దరూ విడివిడిగా వచ్చారని నాకు అనిపించింది. ఇప్పుడు ఏదో ఒకటి తేలిపోతుందని, కెమెరా తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. కత్తెర, కొలతకాగితం, నల్లతోలు, ఎర్రతోలు కూడా తెచ్చి పెట్టాను. టీ ఇచ్చాను. వాళ్ళు తాగుతూ మావ రెండో కంటి ఆపరేషను గురించి మాట్లాడుకున్నారు. ఎవరు తోడుండాలో, ఎన్నాళ్ళు ఎవరింట్లో ఉంచుకోవాలో అంతా నా ఎదుటే మాట్లాడుకుని తేల్చుకున్నారు. మాటల్లో అప్ప చెయ్యి దగ్గర్లో ఉన్న ఎర్రతోలు ముక్కని మడతలు పెట్టి విప్పుతూ ఉంది. తమ్ముడు కెమెరాని ఒకసారి చేతిలోకి తీసుకుని ధూళి ఊది మళ్ళీ పెట్టేశాడు. తర్వాత అప్ప టైము చూసి "బస్సు ఎల్లిపోతాది" అంది. తమ్ముడు సంచి అందుకున్నాడు. ఇద్దరూ కలిసి మెట్లు దిగి సందు మలుపు తిరిగిపోయారు.

కప్పులు తీస్తుండగా మా ఆయన లోపల్నుంచి వచ్చాడు. "ఇంతకీ ఏటన్నారు?" అన్నాడు.

"టీలో పంచదార ఎక్కువైందన్నారు," అన్నాను.